బియ్యంలో లేని పురుగు

యాభైకి దగ్గరపడ్డ మనిషి, పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికేవాడు, రోజూ బీపీ మాత్ర వేసుకునేవాడు ఇంట్లో పెంచుకోవడానికి పాము కావాలనుకున్నాడంటే తప్పెవరిదని విచారణ జరపనక్కర్లేదు. తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మిగతాది తేలిగ్గా చెప్పుకోవచ్చు.

నా పిచ్చులు మా ఇంటికి కొత్త కాదు. మొదట చేపల తొట్టి. తర్వాత కుందేళ్ళు. ఆ తర్వాత తేనెటీగల పెట్టె. అది వచ్చిన కొద్దిరోజులకే పక్కింటివాళ్ళు మాతో మాటలు మానేశారు. అన్నీ నేను తెచ్చినవే. వాటికి తిండి పెట్టింది, కంపు కడిగింది, చివరికి ఎవరినో బతిమాలి అప్పగించి వచ్చింది మాత్రం నా భార్య. ఆమె మా జూలూరుపాడు నుంచి కొంత లోపలికి, అడవి అంచున ఉన్న గూడెం బడిలో టీచరు. పొద్దున ఆటో ఎక్కితే మళ్ళీ సాయంత్రమే. నేను పనిచేసే కాలేజీ కొత్తగూడెంలో. నా క్లాసులు పొద్దుటిపూటే అయిపోతాయి. అంటే తీరిక నాది, పని ఆమెది.

పాము పిచ్చి ఫోన్లోంచి అంటుకుంది. ఎక్కడో విదేశంలో ఒకాయన తన గదిలో పెద్ద గాజుపెట్టె పెట్టాడు. అందులో ఒక కొమ్మ. కొమ్మకు చుట్టుకుని ఆకుపచ్చ పాము. ఆయన దాని ముందు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు. ఆయన ప్రశాంతత చూసి నాకు కన్నుకుట్టింది. ఇది జీవుల మీద ప్రేమ అని అప్పట్లో చెప్పుకున్నాను. కాదు. స్టాఫ్ రూములో అందరూ ప్లాట్ల గురించీ ర్యాంకుల గురించీ మాట్లాడుతుంటే, నేను టీ గ్లాసు కింద పెడుతూ మెల్లగా, "మా ఇంట్లో పాము నిన్న కుబుసం విడిచింది" అనాలి. అందరూ ఒక్కసారి నా వైపు తిరగాలి. ఆ ఒక్క మాట కోసం నాకు పాము కావాలి.

నేల మీద పాకేది వద్దనుకున్నాను. చెట్ల మీద తిరిగేదైతే కొంచెం హుందాగా ఉంటుందనిపించింది. ఎందుకో అడగకండి. మేడ మీద కాపురముండేవాళ్ళంటే ఉండే గౌరవం లాంటిదే కావచ్చు.

ఈ విషయంలో నాకు తోడుదొంగ ఒకడున్నాడు. నా చిన్ననాటి స్నేహితుడు. తాతల కాలం నుంచి ఊళ్ళో వ్యాపారం చేసుకుంటున్న ముస్లిం కుటుంబం. బస్టాండు వెనక అద్దాలు, అల్యూమినియం తలుపుల దుకాణం నడుపుతాడు. ఎవరింట్లో పాము దూరినా ఒక వంకర కడ్డీ పట్టుకుని పోయి, పట్టి అడవిలో వదిలివస్తాడు. అతనికి ధైర్యం చాలా ఎక్కువ. పాముల గురించి తెలిసింది మాత్రం నాకంటే ఎక్కువేమీ కాదు. అతను చెప్పేవాటిలో సగం వాళ్ళ నానమ్మ చెప్పినవి, మిగతా సగం అప్పటికప్పుడు అల్లినవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తగారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ ఎర్రుపాలెంలో కొడుకు దగ్గర ఉంటారు. ఎడమ కన్ను నీటికాసుల జబ్బుతో ఎప్పుడో పోయింది. మిగిలింది కుడి కన్నొక్కటే, దానికీ శుక్లం ముదిరింది. ఖమ్మంలో ఆపరేషన్ చేయించాం. కొడుకు ఇంటికి ఆనుకునే పిండి మర ఉంది, అక్కడ ఆ దుమ్ములో ఉంచకూడదని మా ఇంటికి తీసుకొచ్చాం. తల వంచకూడదు, బరువెత్తకూడదు, కంట్లో దుమ్ము పడకూడదు, తుమ్మకూడదు, దగ్గకూడదు అని డాక్టరు చెప్పి పంపాడు. "గట్టిగా నవ్వకూడదు" అన్నది మా ఆవిడ సొంతంగా చేర్చింది. "ఆయన ఇంట్లో ఉంటారు కాబట్టి అది కూడా చెప్పాలమ్మా" అంది. పొద్దున, రాత్రి చుక్కలు ఆమె వేస్తుంది. మధ్యాహ్నం వేయాల్సినవి నా వంతు.

కట్టు విప్పాక కూడా అత్తగారికి లోకం మసకగానే ఉంది. పాలల్లోంచి చూస్తున్నట్టుందని అన్నారు. మెల్లగా తేటపడుతుంది, చుక్కలు మాత్రం తప్పకుండా వేయండి అన్నాడు డాక్టరు. ఆవిడ పొద్దున్నే గోడ క్యాలెండర్ ముందు నిలబడి వేలితో తడిమి, అంకె కనబడుతోందో లేదో చూసుకుని వచ్చి కూర్చునేవారు. కూతురు అడిగితే "పర్లేదమ్మా" అనేవారు. నాతో మాత్రం ఒకరోజు, "ఇది కూడా పోతే నా అంతట నేను అన్నం కలుపుకోలేను అల్లుడుగారూ" అన్నారు. అని వెంటనే మాట మార్చారు. ఆ మాట నేను విన్నాను. విని కూడా ఆ సాయంత్రం పామును ఎంచుకోవడానికి వెళ్ళాను.

దుకాణం వెనక గదిలో రెండు పాములు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి పసిరిక. నర్సరీ కంచె మీద దొరికింది. దాన్ని దోమల జాలీ బిగించిన చెక్కపెట్టెలో ఉంచాడు. రెండోది జామాయిల్ కర్రల లారీలో ఎక్కడి నుంచో వచ్చి సామిల్లు దగ్గర దిగింది. సన్నగా, పొడుగ్గా, వీపు ఇత్తడి రంగులో ఉంది. మా దగ్గర దానికి ఒక పేరంటూ స్థిరపడలేదు. ఒకరు చెట్టుపాము అంటే ఇంకొకరు చెట్టెక్కే జెర్రిపోతు అంటారు. అది మంచినీళ్ళ టిన్నులో ఉంది. మూతకు చిల్లులు పొడిచాడు.

నా స్నేహితుడు రెండు కుర్చీలు వేశాడు. చాయ్ తెప్పించాడు. అచ్చంగా పెళ్ళిచూపులే.

"చూడు భాయ్," అన్నాడు జాలీ పెట్టె ముందుకు జరిపి. "గిది శానా నెమ్మదస్తురాలు. పొద్దున ఏ కొమ్మ మీద కూసున్నదో గా కొమ్మ మీదనే సాయంత్రం దాన్క. నోరెత్తదు. రంగు చూడు, మోదుగ చిగురు లెక్క."

"తిండి?"

"బల్లులు. మీ ఇంట్ల ఏమన్న కరువా?"

"విషం?"

"జరంత. చెయ్యి వాస్తది. నీకు ముందే వాపు మొకం, ఎవ్వనికి తెలుస్తది?"

పసిరిక పాము నన్ను చూసింది. చూపుడు వేలి లాంటి కోసు ముక్కు. అడ్డంగా చీల్చినట్టుండే కంటిపాప. అది చూస్తుంటే నా మార్కుల మెమో చదువుతున్నట్టనిపించింది.

"మరి రెండోది?"

"గిది హుషారు. విషం అస్సలు లేదు. కప్పలు తింటది. కానీ ఒక్కకాడ నిలవది. మా నానమ్మ ఏం చెప్పేదంటే, గిది కరిచినంక చెట్టెక్కి కూసొని, కరిపిచ్చుకున్నోడి ఇంట్ల ఏడుపు ఇనబడేదాంక దిగదంట."

"విషం లేదంటివి కదరా? ఏడుపెందుకు?"

"అరే, నానమ్మ చెప్పిందన్నా. నేను చెప్పిన్నా?"

ఎవరు చూసినా పసిరికనే ఎంచుకుంటారు. నేను వీడియోలో చూసింది అలాంటిదాన్నే. కదలదు, ఫోటోకి బాగుంటుంది. కానీ నాకు మా అత్తగారి కన్ను గుర్తొచ్చింది. పసిరిక పాము కళ్ళు పొడుస్తుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. పొదల్లో నడిచేటప్పుడు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోమని మా అమ్మ కూడా చెప్పేది. అది వట్టి మాట అని నేనే క్లాసులో ప్రతి ఏడూ చెబుతాను. ముఖం ఎత్తులో కొమ్మ మీద ఉంటుంది కాబట్టి భయపడితే ముఖం వైపు దూకుతుంది, దానికి కన్నని తెలియదు, ముక్కని తెలియదు అని బల్ల గుద్ది మరీ చెబుతాను. చెప్పే నోరే, "రెండోదే ఖాయం చెయ్" అంది.

అతను నా ముఖంలోకి చూశాడు. "ఫిజిక్స్ సారూ, కండ్లు పొడుస్తదని భయమా?"

"భయం కాదు. దీని వీపు బాగుంది."

"అవ్, అవ్. శానా బాగున్నది," అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినబడుతుంది.

అడవిలో పామును ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. "పెంచుకోవడం కాదురా, నాలుగురోజులు చుట్టంలా ఉంచుకుని పంపిస్తా" అన్నాను. "చుట్టాన్ని డబ్బల పెట్టి తాళమేస్తరా?" అన్నాడు. అన్నాడే గానీ ఆ మర్నాడే పెట్టె తయారుచేసి తెచ్చాడు. ఎవరో వద్దన్న షోకేసు అది. ముందువైపు జరిపే అద్దాలు రెండు. "చీమ కూడ దూరది" అని అద్దం మీద వేలితో టక్కున కొట్టాడు. సామాన్ల గదిలో పెట్టాం. లోపల చెట్టుపాము, జామకొమ్మ, రెండు మూడు మొక్కల కుండీలు, మీద పాత దుప్పటి.

మా ఆవిడ సాయంత్రం చూసి, "ఈసారేంటి?" అంది.

"మొక్కలు. నీడలో పెరిగేవి. వెలుగు తగలకూడదు."

"వాటికైనా నీళ్ళు మీరు పోస్తారా?"

"నేనే పోస్తాను."

"దేవుడా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అబద్ధం అంత సులువుగా జరిగిపోయేసరికి నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది. ఆమె నన్ను నమ్మలేదు, నా గురించి అడగడం మానేసింది, అంతే.

చెట్టుపాము మూడుపూటలా అద్దానికి ముక్కు రాస్తూ తిరిగేది. తిండి ముట్టలేదు. కప్పలంటే ఇష్టమన్నాడు కదా అని నేను మధ్యాహ్నం పూట వరి మడుల గట్ల మీద ప్యాంటు మడిచి తిరిగాను. నా టిఫిన్ డబ్బాలో కప్పను వేసుకుని వస్తుంటే నా పాత విద్యార్థి ఒకడు బండి ఆపి, "లంచా సార్?" అని అడిగాడు. అవునన్నాను. ఆ తిరుగుళ్ళలో చుక్కల వేళ దాటిపోయేది. ఒకరోజు ఆలస్యంగా వేశాను. ఇంకోరోజు బాగా ఆలస్యంగా వేశాను. ఆ తర్వాత ఒకరోజు మర్చేపోయాను. రాత్రి కూతురు "మధ్యాహ్నం చుక్కలు వేశారా అమ్మా?" అని అడిగితే, ఆ రోజు కూడా అత్తగారు "వేశారమ్మా" అన్నారు. నేను పళ్ళెంలోకి చూస్తూ పప్పన్నం తిన్నాను. అన్నం గొంతు దిగింది. దిగకపోతే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చి దుప్పటి ఎత్తితే పెట్టెలో జామకొమ్మ ఉంది, కుండీలున్నాయి, పాము లేదు.

అద్దాలు రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. చాలాసేపు చూస్తే గానీ బుర్రకు ఎక్కలేదు. షోకేసు అద్దాలు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. ఆ రెంటికీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉంటుంది. అద్దాల వ్యాపారం చేసేవాడికీ ఫిజిక్స్ చెప్పేవాడికీ తట్టని సంగతి పాముకు తట్టింది.

నడింట్లో దివాన్ మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. నల్లద్దాలు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. వాన రోజులు కావడంతో ఉతికిన బట్టలు ఇంట్లోనే, నడింట్లో కట్టిన దండెం మీద ఆరేసి ఉన్నాయి. ఫోను నడింట్లో తప్ప ఎక్కడా సరిగ్గా పలకదు. ఆవిడ ఎదుటే స్నేహితుడికి ఫోన్ చేయాలి. పాము అనే మాట వింటే ఆవిడ ఉలిక్కిపడి లేస్తారు, పరిగెడతారు, పడతారు. అప్పుడు ఆ కన్ను ఏమవుతుంది?

మా వైపు దీపం పెట్టాక పామును పాము అనరు. పురుగు అంటారు. చీకటి పడ్డాక ఎవరింట్లోనైనా "పురుగు" అని కేక వినిపిస్తే వీధి వీధంతా టార్చీలు పట్టుకుని లేస్తుంది. పట్టపగలు పురుగంటే మాత్రం ఒట్టి పురుగే. బియ్యంలోదో వంకాయలోదో. ఈ తేడా మీద నాకో తెలివైన ఆలోచన వచ్చింది. నా తెలివైన ఆలోచనలన్నిటికీ పట్టే గతే దానికీ పట్టింది.

"పురుగు పోయిందిరా," అన్నాను ఫోన్లో.

"ఏం పురుగు? పొద్దుగూకలే గద ఇంక?"

"పురుగురా. నువ్వు చూపించిన పురుగు. పెట్టెలో లేదు. జల్దీ రా."

"యా అల్లా" అని ఫోన్ పెట్టేశాడు.

"ఏంటి అల్లుడుగారూ, పురుగు పట్టిందా?" అన్నారు అత్తగారు.

"అవునత్తయ్యా. బియ్యంలో. కొంచెమే."

"ముసురు పట్టిందంటే అంతే. వేపాకు వేయలేదేమో. మీరు వెళ్ళి వేపాకు కోసుకురండి."

నాకు కావాల్సిందీ అదే. వేపాకు నెపంతో పెరట్లోకి వెళ్ళాను. స్నేహితుడు కడ్డీ పట్టుకుని వెనక గోడ దూకి వచ్చాడు. తలుపు తీసే ఉందని చెప్పినా ఎందుకు దూకాడో తెలియదు. కట్టెల కుప్ప, నీళ్ళ ట్యాంకు, నిమ్మచెట్టు అన్నీ వెతికాం.

"చీమ దూరదంటివి," అన్నాను.

"చీమ గురించి చెప్పిన. పాము గురించి చెప్పిన్నా? పసిరికను తీస్కపోయి ఉంటే ఈపాటికి కొమ్మ మీదనే కూసుండేది గద."

కన్ను పొడుస్తుందన్న భయంతో కదలనిదాన్ని వదిలి, కుదురుగా ఉండనిదాన్ని ఒంటికన్ను మనిషి ఉన్న ఇంట్లోకి తెచ్చాను.

అప్పుడు లోపల్నుంచి చప్పుడు వినిపించింది. సర్, సర్, సర్. చేటతో బియ్యం చెరిగే చప్పుడు.

వంటింటి గుమ్మం దాకా పరిగెత్తాం. అల్లుడు ఒక్కడే పురుగులతో అవస్థ పడుతున్నాడని అత్తగారు తడుముకుంటూ డ్రమ్ములోంచి బియ్యం చేటలోకి పోసుకుని, నడింట్లో పీట వేసుకుని కూర్చున్నారు. తల వంచి చెరుగుతున్నారు. తవుడు దుమ్ము తెల్లగా ముఖం చుట్టూ లేస్తోంది. నల్లద్దాలు ముక్కు మీదకు జారాయి. వంచకూడదన్న తల వంచి, పడకూడదన్న దుమ్ములో, లేని పురుగు కోసం.

"అత్తయ్యా!" అనబోయాను. స్నేహితుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "భాయ్, పైన," అన్నాడు గొంతులోనే.

మా ఆవిడ పసుపు చీరకూ నా తువ్వాలుకూ మధ్య, దండెం వెంబడి సాగి పడుకుని ఉంది చెట్టుపాము. సగం తాడు మీద, సగం గాలిలో. తల అత్తగారి నడినెత్తికి సరిగ్గా పైన.

కిందికి చూడొద్దంటే పైకి చూస్తారు. పైకి చూడొద్దంటే ఎందుకని అడుగుతారు. చేట లాక్కుంటే ఉలిక్కిపడతారు. ఏమీ అనకుండా ఉంటే ఆ దుమ్ము ఆ కంట్లోకే పోతుంది. ఇంత చేసినవాడికి ఇంకో అబద్ధం ఎంతసేపు?

"అత్తయ్యా, చుక్కల వేళయింది," అన్నాను.

"ఇప్పుడా? నిన్న అసలే లేదు, ఇవాళ ముందే వచ్చేసిందా?" అన్నారు చేట ఆపి. వెనక నా స్నేహితుడు గొంతు సవరించుకున్నాడు.

"కళ్ళు మూసుకుని, నా చెయ్యి పట్టుకుని మెల్లగా లేవండి. దుమ్ముంది, తెరవద్దు."

లేచారు. తడిగుడ్డతో రెప్పలూ ముఖమూ తుడిచి, దివాన్ మీద వెల్లకిలా పడుకోబెట్టాను. దివాన్ కూడా దండెం కిందే. ఇల్లు అంత చిన్నది. స్నేహితుడు దిండు గలీబు ఒకటి అందుకుని, మునివేళ్ళ మీద అవతలివైపు నుంచి వస్తున్నాడు. నేను నా తల అడ్డం పెట్టి వంగాను. చుక్కలు వేయాలంటే కన్ను తెరవక తప్పదు. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

కింది రెప్ప లాగాను. చుక్క చెంప మీద పడింది. రెండోది వేద్దామని కాస్త పక్కకు జరిగాను. అత్తగారి కన్ను నా భుజం మీదుగా పైకి చూస్తూ ఉండిపోయింది.

"అల్లుడుగారూ."

"ఆఁ, అత్తయ్యా."

"దండెం మీద పసుపు చీర మా అమ్మాయిదేనా?"

"అవునండీ."

"అంచు వంకాయరంగు."

నిజమే. నా గుండె ఒక్క క్షణం పామును మర్చిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడకు అంచులు తెలియలేదు, రంగులు తెలియలేదు.

"దాని పక్కన ఒక తాడుంది," అన్నారు నెమ్మదిగా. "ఇత్తడి బిందె తోమితే వచ్చే రంగు. పక్కనే మీగడ రంగు చార, సన్నగా, గీత గీసినట్టు. కన్ను పెద్దగా, గుండ్రంగా ఉంది. అల్లుడుగారూ, ఆ తాడు నాలుక చాపుతోంది."

నేను చుక్కల సీసా పట్టుకుని అలాగే వంగి ఉన్నాను.

"కదలొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి నేను కదలట్లేదు," అన్నారు. "మీరైనా కదలండి."

తర్వాత జరిగింది చెప్పుకోదగ్గట్టుగా లేదు. పాము దండెం మీంచి కర్టెన్ మీదకు దూకింది. నా స్నేహితుడు కర్టెన్ మీదకు దూకాడు. కర్టెన్ కడ్డీ నా మీదకు దూకింది. చివరికి పాము గలీబులో, బియ్యం గది నిండా, నేను దివాన్‌కు అడ్డంగా చేతులు చాపి. అత్తగారు ఒక్కరే పడుకున్నచోట పడుకున్నట్టే ఉన్నారు.

"బియ్యంలో పురుగు ఇదేనా?" అన్నారు.

"ఇదే అత్తయ్యా."

"బాగా బలిసింది."

స్నేహితుడు గలీబు మూతి గట్టిగా పట్టుకుని, "మాఫ్ చెయ్యిండ్రి అమ్మా. గిది ఏం చెయ్యది, విషం లేదు," అన్నాడు.

"విషం సంగతి తర్వాత నాయనా. దాన్ని ఆ కిటికీ దగ్గర ఒకసారి పట్టుకో."

అతను నా వైపు చూశాడు. పట్టుకున్నాడు. అత్తగారు మెల్లగా లేచి కూర్చుని చూశారు. మొదట తల, తర్వాత చార, చార వెంబడి తోక దాకా. చివరకు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి. పామును అంత ఇష్టంగా చూసిన మనిషిని నేను వీడియోల్లో కూడా చూడలేదు. పాము కూడా ఆ కాసేపు కుదురుగా ఉంది.

"పొలుసులు కనిపిస్తున్నాయి," అన్నారు. కంట్లో నీళ్ళు వస్తుంటే తుడుచుకోబోయి, తుడవకూడదని గుర్తొచ్చి చెయ్యి దించేశారు.

అతను వెళ్ళాక నేను నేల మీద కూర్చుని బియ్యం ఎత్తుతూ అడిగాను. "చుక్కలు వేశారని రోజూ ఎందుకు చెప్పారత్తయ్యా?"

"వేయలేదంటే మీరిద్దరూ పోట్లాడుకుంటారు. నా వల్లే గొడవని నన్ను ఎర్రుపాలెం పంపిస్తారు. అక్కడ పిండి మర. మీ మీద ప్రేమతో అనుకునేరు," అన్నారు.

ఆ బియ్యమంతా నేనే చెరిగాను. తవుడు దుమ్ము నా రెండు కళ్ళలోనూ పడింది.

మా ఆవిడ వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. వేలాడుతున్న కర్టెన్ కడ్డీ వైపూ, నా ముఖం వైపూ చూసి, "ఏంటిదంతా?" అంది. ఈసారి నేనే చెప్పాలనుకున్నాను.

"నేను ఇంట్లోకి పామును తెచ్చాను."

"దీపాలు పెట్టాక ఆ మాటేంటండీ! పురుగు అనండి."

"సరే. పురుగును తెచ్చాను."

"బియ్యంలో పురుగును మీరు తేవడమేంటి? అదే పడుతుంది."

దివాన్ మీంచి ఒక వింత శబ్దం వచ్చింది. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కదలకుండా నవ్వడానికి ప్రయత్నిస్తున్నారు. "నవ్వకమ్మా, కన్ను!" అని మా ఆవిడ అటు పరిగెత్తింది. ఆ తర్వాత నేను షోకేసు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. పాము గురించి చెప్పినప్పుడు ఆమె తిట్టింది. చాలా తిట్టింది, కుందేళ్ళ దాకా వెళ్ళింది. మధ్యాహ్నం చుక్కల గురించి చెప్పినప్పుడు మాత్రం చుక్కల సీసా నా చేతిలోంచి తీసుకుని, మూత బిగించి, తన బడి సంచిలో పెట్టుకుంది. మర్నాడు సెలవు పెట్టింది. తిట్టు కంటే ఆ మూత బిగించిన చప్పుడే నాకు ఎక్కువ గుర్తు.

అప్పుడు అత్తగారే నోరు తెరిచారు. "అల్లుడుగారూ, ఇంకోటి కూడా ఉందన్నారుగా. పచ్చది. దాన్ని వదిలేశారా?"

"రెండింటినీ పొద్దున వదిలేస్తానన్నాడత్తయ్యా."

"వెళ్ళేటప్పుడు మన గుమ్మం ముందు ఒకసారి ఆపమనండి. ఆకుపచ్చ కనబడుతుందో లేదో చూసుకుంటాను."

"అమ్మా!" అంది మా ఆవిడ.

పొద్దున్నే స్నేహితుడి బండి వచ్చి గేటు బయట ఆగింది. అతను జాలీ పెట్టెను పైకెత్తి పట్టుకున్నాడు. "దగ్గరకొద్దు నాయనా, అక్కడే," అని అత్తగారు వరండాలో నిలబడి నల్లద్దాలు సరిచేసుకున్నారు. "కళ్ళు పొడుస్తుందంటారుగా, ఎందుకైనా మంచిది."

"అది వట్టి మాట అత్తయ్యా," అన్నాను. అంటూనే నా చెయ్యి దానంతటదే లేచి ఆవిడ కంటికి అడ్డంగా నిలబడింది. గేటు బయట నా స్నేహితుడు పళ్ళికిలించాడు.

అత్తగారు కాసేపు తొంగి చూశారు. నల్లద్దాల్లోంచి రంగు తెలిసినట్టు లేదు. అద్దాలు తీసేసి కొంగులో చుట్టుకున్నారు.

"చెయ్యి తీయండి అల్లుడుగారూ," అన్నారు. "అడ్డంగా ఉంది."